పైథాన్ లాగింగ్: ఏ ఫైలుకూ కట్టుబడని పనితనం

గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి ప్రోగ్రామ్ రాయాలనుకోండి. సీజన్లో టిక్కీలు (మిర్చి బస్తాలు) లోపలికి చేరాక కాయ రంగు, ఘాటు నిలబడాలంటే గదిలో చల్లదనం నిలకడగా ఉండాలి. కాబట్టి ప్రోగ్రామ్ ప్రతి గది ఉష్ణోగ్రతనూ చూస్తూ ఉండాలి, చూసింది రాసిపెట్టాలి, హద్దు దాటితే మేనేజరుకు కబురు పంపాలి. హద్దు ఎన్ని డిగ్రీలు, కబురు ఏ నంబరుకు వెళ్లాలి, రాసిపెట్టే ఫైలు ఎక్కడ ఉండాలి అన్నవి ఒక్కో స్టోరేజీలో ఒక్కోలా ఉంటాయి. అందుకే వాటిని ప్రోగ్రామ్‌లో ఇరికించకుండా పక్కన ఒక సెట్టింగుల ఫైలులో పెడతారు. ఇంతవరకూ పని నేర్చిన వాళ్లెవరైనా చేస్తారు.

పనితనం తేలేది ఆ తర్వాతి ప్రశ్న దగ్గర. సెట్టింగుల ఫైలు ఏ పద్ధతిలో రాసి ఉందో ప్రోగ్రామ్‌లో ఎవరికి తెలిసి ఉండాలి? ఉష్ణోగ్రత చూసే భాగానికా, కబురు పంపే భాగానికా, అన్నిటికీనా? పద్ధతులు చూస్తే ఒకటి కాదు. పాతకాలపు ఐఎన్ఐ ఉంది, జేసన్ ఉంది, యామల్ ఉంది, టామల్ ఉంది. రేపు ఇంకొకటి వస్తుంది. ఫైలు తెరిచి చదివే ఒక్క భాగానికి తప్ప ఇంకెవరికీ ఆ సంగతి తెలియనక్కర్లేదన్నది సరైన జవాబు. ఈ మాట అందరూ ఒప్పుకుంటారు, రాసేటప్పుడు చాలామంది మర్చిపోతారు. మర్చిపోకుండా చివరిదాకా పాటించిన పని ఒకటి పైథాన్ భాషలో 2010 నుంచీ అందరికీ అందుబాటులో ఉంది. డిక్ట్‌కాన్ఫిగ్ అనే ఆ ఫంక్షన్‌ని దగ్గరగా చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి కట్టడం

ప్రోగ్రామ్ తను చేస్తున్న పనిని ఎప్పటికప్పుడు రాసిపెట్టుకోవడమే లాగింగ్. పైథాన్‌కి సొంత లాగింగ్ లైబ్రరీ కావాలని వినయ్ సాజిప్, ట్రెంట్ మిక్ 2002లో ఒక ప్రతిపాదన రాశారు. పైథాన్ ప్రపంచంలో ఇలాంటి ప్రతిపాదనల్ని పెప్ అంటారు. ఇది పెప్ 282. మరుసటి ఏడాది, 2003 జూలైలో విడుదలైన పైథాన్ 2.3తో ఆ లైబ్రరీ అందరి చేతికీ వచ్చింది. అందులో నాలుగు రకాల పనివాళ్లున్నారు. ప్రోగ్రామ్ చెప్పిన మాటను లాగర్ అందుకుంటుంది. దాన్ని ఉంచాలో వదిలేయాలో ఫిల్టర్ చూస్తుంది. తేదీ, సమయం, తీవ్రత చేర్చి ఫార్మాటర్ దాన్ని వాక్యంగా పేరుస్తుంది. ఆ వాక్యాన్ని హ్యాండ్లర్ ఫైలుకో, తెర మీదకో, ఈమెయిలుకో చేరుస్తుంది.

వీటిలో ఏది దేనితో కలవాలో చెప్పడానికి సెట్టింగులు కావాలి. అందుకోసం లైబ్రరీలో ఫైల్‌కాన్ఫిగ్ అనే ఫంక్షన్ ఉండేది, ఇప్పటికీ ఉంది. ఫైలు పేరు ఇస్తే అదే తెరిచి, చదివి, అన్నీ అమరుస్తుంది. అయితే ఆ ఫైలు ఐఎన్ఐ పద్ధతిలోనే ఉండాలి. చదరపు బ్రాకెట్లలో విభాగం పేరు, దాని కింద వరసగా ‘పేరు = విలువ’ అని రాసుకుంటూ పోయే ఈ పద్ధతి పాత విండోస్ వాడినవాళ్లకు బాగా తెలుసు.

మొదట్లో ఇది చాలనిపించింది. వాడకం పెరిగేకొద్దీ ఇబ్బందులు బయటపడ్డాయి. ఐఎన్ఐలో అంకె, మాట అన్న తేడా లేదు. ఏం రాసినా అక్షరాల వరసే. దీనివల్ల ఎంత తేడా వస్తుందో చూడాలంటే మిర్చి పక్కనే ఉన్న పత్తి దగ్గరికి వెళ్దాం. కాటన్ కార్పొరేషన్ కొనుగోలు కేంద్రంలో పత్తి తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర వస్తుంది. అక్కణ్ణుంచి తేమ పెరిగేకొద్దీ ధర తగ్గుతుంది, 12 శాతం దాటితే కొనరు. ఒక జిన్నింగ్ మిల్లు ప్రోగ్రామ్‌లో ఆ 12 అనే హద్దును ఐఎన్ఐ ఫైలులో పెట్టారనుకుందాం. మీటరు చూపిన అంకెనూ ఫైలులోని హద్దునూ అంకెలుగా మార్చకుండా అక్షరాలుగానే పోలిస్తే, 9 శాతం తేమ ఉన్న మంచి పత్తిని ఆ ప్రోగ్రామ్ హద్దు దాటిందని తిప్పి పంపుతుంది. అక్షరక్రమంలో ‘1’తో మొదలయ్యే 12 కంటే ‘9’ తర్వాత వస్తుంది మరి. చూసే కంటికి ఫైలులో 12 అనే ఉంటుంది. ప్రోగ్రామ్‌కి అది రెండక్షరాల మాట మాత్రమే.

ఐఎన్ఐలో అంకెలే రాయలేనప్పుడు లిస్టులు, వస్తువులు (ఆబ్జెక్టులు) అసలే రాయలేం. అందుకని ఫైల్‌కాన్ఫిగ్‌లో హ్యాండ్లర్‌కి ఇవ్వాల్సిన వివరాలను పైథాన్ కోడ్ ముక్కగానే ఫైలులో రాయాల్సి వచ్చింది. లైబ్రరీ ఆ ముక్కను ఇవాల్ అనే ఫంక్షన్‌తో నడిపించి విలువ రాబట్టుకుంటుంది. అంటే సెట్టింగుల ఫైలును ముట్టుకోగలిగిన వాళ్లు ప్రోగ్రామ్ చేత కోడ్ నడిపించగలరు. పైగా ఫిల్టర్లను ఈ దారిలో అమర్చే వీలే లేదు. జేసన్‌లోనో యామల్‌లోనో మిగతా సెట్టింగులన్నీ పెట్టుకున్నవాళ్లు ఒక్క లాగింగ్ కోసం ఇంకో ఫైలు, ఇంకో పద్ధతి మోయాల్సి వచ్చింది.

దారి మార్చిన నిర్ణయం

2009 అక్టోబరులో సాజిప్ పెప్ 391 రాశాడు. అప్పుడు ఆయన ముందు తేలికైన దారి ఒకటుంది: జేసన్‌కి ఒక ఫంక్షన్, యామల్‌కి ఒక ఫంక్షన్ అని చేర్చుకుంటూ పోవడం. అలా చేసుంటే వాడేవాళ్లు అప్పటికి సంతోషించేవాళ్లే. అయితే యామల్ చదివే పనిముట్టు పైథాన్‌తో పాటు రాదు, నేటికీ రాలేదు. బయటి లైబ్రరీని లోపలికి లాక్కోవాల్సి వచ్చేది. పుట్టిన ప్రతి కొత్త పద్ధతికీ లాగింగ్ లైబ్రరీ తలుపు తట్టాల్సి వచ్చేది.

ఆయన ఆ దారిలో వెళ్లలేదు. కొత్త ఫంక్షన్ ఫైలు పేరు అడగదు, ఫైలులోని రాత అడగదు. ఒక పైథాన్ డిక్షనరీ అడుగుతుంది, అంతే. పేర్లు, వాటి ఎదురుగా విలువలు. ఆ విలువలు అంకెలు కావచ్చు, మాటలు కావచ్చు, అవును-కాదులు కావచ్చు, లిస్టులు కావచ్చు, లోపల మరో డిక్షనరీ కావచ్చు. జేసన్ చదివినా ఇలాంటిదే చేతికొస్తుంది, యామల్ చదివినా అంతే. జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లయితే సెట్టింగులన్నీ పైథాన్‌లోనే రాసుకుంటారు గనక ఏ ఫైలూ చదవకుండానే డిక్షనరీ సిద్ధంగా ఉంటుంది. అన్ని పద్ధతులూ కలిసే చోటు ఏదో వెతికి, లైబ్రరీ గుమ్మాన్ని అక్కడ కట్టాడు.

గుంటూరు మిర్చి యార్డులో కాటా ముందుకు రావాల్సింది టిక్కీ. అది మార్కాపురం నుంచి లారీలో వచ్చిందా, పక్క ఊరి నుంచి ట్రాక్టరు మీద వచ్చిందా అన్నది కాటాకు సంబంధం లేని సంగతి. బండి దగ్గర ఉండాల్సిన పని బండి దగ్గరే అయిపోవాలి. డిక్ట్‌కాన్ఫిగ్ చేసింది ఈ విభజనే: చదవడం వాడేవాళ్ల బాధ్యత, అమర్చడం తన బాధ్యత.

2010 జూలైలో పైథాన్ 2.7తో, 2011 ఫిబ్రవరిలో పైథాన్ 3.2తో ఇది విడుదలైంది. 2011 మార్చిలో వచ్చిన జాంగో 1.3 తన లాగింగ్ సెట్టింగులను దీని మీదే నిలబెట్టుకుంది. పాత ఫైల్‌కాన్ఫిగ్‌ను తీసిపారేయలేదు. దాని మీద నడుస్తున్న ప్రోగ్రామ్‌లు ఇప్పటికీ నడుస్తున్నాయి.

కోడ్ దగ్గరికి వెళ్లి చూస్తే

పైథాన్‌తో వచ్చే లాగింగ్ ఫోల్డరులో కాన్ఫిగ్ అనే ఫైలు ఉంటుంది. వెయ్యి పంక్తుల చుట్టుపక్కల ఉంటుంది. పాత పని, కొత్త పని రెండూ అందులో పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి పోల్చి చదువుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

పాత పనిలో ఫార్మాటర్లను తయారుచేసే ఫంక్షన్, హ్యాండ్లర్లను అమర్చే ఫంక్షన్, లాగర్లను అమర్చే ఫంక్షన్ మూడూ మొదటి ఆర్గ్యుమెంటుగా తీసుకునేది ‘సిపి’. అది ఐఎన్ఐ ఫైలును చదివే కాన్ఫిగ్‌పార్సర్. అంటే ఫైలు చదివే పనిముట్టు లైబ్రరీ లోపలి గదులన్నీ తిరుగుతోందన్నమాట. ప్రతి ఫంక్షనూ దాన్నే అడిగి విభాగాలు తెచ్చుకుంటుంది, కామాల దగ్గర విడగొట్టుకుంటుంది. ఫైలు పద్ధతి మారితే ఈ మూడూ మారాల్సిందే. కొత్త పనిలో ఫార్మాటర్‌ని అమర్చే ఫంక్షన్‌కి అందేది ఆ ఒక్క ఫార్మాటర్ తాలూకు చిన్న డిక్షనరీ మాత్రమే. హ్యాండ్లర్‌కీ అంతే. ఎవరికి ఎంత కావాలో అంతే చేతికిచ్చారు. ఆర్గ్యుమెంటు దగ్గర జరిగిన ఈ ఒక్క మార్పులో మొత్తం ఆలోచన కనిపిస్తుంది.

తర్వాతి చిక్కు మరింత లోతైనది. డిక్షనరీ ఏ ఫైలు నుంచైనా రావచ్చు అన్నామంటే, ఏ ఫైలులోనూ రాయలేని దాన్ని అడగకూడదు. కానీ లాగింగ్‌కి కొన్ని వస్తువులే కావాలి. తెర మీద రాయాలంటే పైథాన్‌లోని స్టాండర్డ్ అవుట్‌పుట్ అనే వస్తువు ఇవ్వాలి. జేసన్‌లో వస్తువును ఎలా రాస్తారు? దాని పేరు రాయొచ్చు. అయితే అది వస్తువు పేరో, ఉత్త మాటో లైబ్రరీకి ఎలా తెలుస్తుంది? సాజిప్ ఇందుకు వెబ్ చిరునామాల తీరు వాడుకున్నాడు. మాట ముందు ‘ఎక్స్‌ట్://’ అన్న గుర్తు తగిలిస్తే అది బయటి వస్తువు పేరు, వెళ్లి తెచ్చుకోవాలి. ‘సిఎఫ్‌జి://’ అని ఉంటే ఇదే డిక్షనరీలో ఇంకోచోట ఉన్న విలువ. ఏ గుర్తూ లేకపోతే అది మామూలు మాట. ఏ పద్ధతిలోనైనా మాటలు రాయొచ్చు గనక ఈ ఏర్పాటు అన్నిటిలోనూ చెల్లుతుంది. ఫైలులో కోడ్ రాసి ఇవాల్‌తో నడిపించే అవసరం ఇక్కడితో తీరిపోయింది.

సొంతంగా తయారుచేసుకున్న హ్యాండ్లర్‌ని వాడాలన్నా దారి ఉంది. ఆ చిన్న డిక్షనరీలో ఉత్త బ్రాకెట్ల జత ‘()’ని పేరుగా పెట్టి, ఎదురుగా తయారుచేసే ఫంక్షన్ పేరు రాస్తారు. బ్రాకెట్ల జత పైథాన్‌లో ఎవరూ ఆర్గ్యుమెంటుకు పెట్టుకోలేని పేరు. కాబట్టి వాడేవాళ్ల సొంత పేర్లతో అది ఎప్పటికీ కలవదు. చూడ్డానికి వింతగా ఉన్నా బాగా ఆలోచించి ఎంచుకున్న గుర్తు ఇది.

ఇంకో వివరం నాకు చాలా ఇష్టం. కొన్ని హ్యాండ్లర్లు మరో హ్యాండ్లర్ మీద ఆధారపడతాయి. సందేశాలను కొంతసేపు పోగుచేసి, తర్వాత ఇంకో హ్యాండ్లర్‌కి అప్పగించేవి ఉంటాయి. ఫైలులో ఏది ముందు రాశారో చూసి అదే వరసలో అమర్చుకుంటూ పోతే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ డిక్షనరీలో వరస ఉంటుందని అప్పటి పైథాన్ హామీ ఇవ్వలేదు, జేసన్ నియమాలూ ఇవ్వలేదు. అందుకని ఈ కోడ్ వరసను నమ్ముకోదు. అమర్చబోతున్న హ్యాండ్లర్‌కి కావాల్సింది ఇంకా సిద్ధంగా లేకపోతే దాన్ని పక్కన పెట్టి, మిగతావన్నీ అయ్యాక మళ్లీ దాని దగ్గరికి వస్తుంది. ఒక పద్ధతి ఇచ్చే సౌకర్యం మీద ఆధారపడితే ఆ పద్ధతికి కట్టుబడినట్టే. ఆ చిన్న సౌకర్యాన్ని కూడా వదులుకోవడంలో ఉంది నిజమైన నియమపాలన.

ఈ డిక్షనరీలో తప్పనిసరిగా ఉండాల్సిన పేరు ఒక్కటే: ‘వెర్షన్’. దాని విలువ 1 అయి తీరాలి. ఇన్నేళ్లయినా 2 రాలేదు. రేపు అమరిక మార్చాల్సి వస్తే పాత డిక్షనరీలను గుర్తుపట్టడానికి మొదటి రోజే వదిలిన చోటు అది.

తెలుగు వాళ్ల పద్మ

ఈ ఆలోచన తెలుగు వాళ్లకు కొత్తది కాదు. మన అక్షరాల విషయంలో ఇదే చిక్కు వచ్చింది, ఇదే తీరులో విప్పారు. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో నెట్‌లో గుంటూరు వార్తలు చదవాలంటే ముందు ఆ వార్తలు వేసిన పత్రిక ఫాంటు ఉండాలి. ఈనాడుకు ఒక ఫాంటు, వార్తకు ఇంకొకటి. ఒకదానిలో ‘క’ ఉన్న సంకేతం దగ్గర ఇంకొకదానిలో మరో అక్షరం. ఫాంటు లేకపోతే పేజీ అంతా అర్థంకాని గుర్తులు. వెతికితే దొరకదు, కాపీ చేస్తే పనికిరాదు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటున్నా పత్రికల పేజీలు అక్కడికి చేరలేదు.

వెన్న నాగార్జున రాసిన పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు ఆ పేజీలను అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపించింది. పది ఫాంట్ల నుంచి మూడు రకాల రాతల్లోకి మార్చాలంటే ఒక్కో జతకూ ఒక్కో మార్పిడి చొప్పున ముప్పై రాయాలి. పద్మ నడుమ తన సొంత అక్షర సంకేతాలను పెట్టుకుంది. ఒక్కో ఫాంటుకు ఒక్కో ఫైలు. ఆ ఫాంటు గుర్తులకు పద్మ సంకేతాలు ఏవో చెప్పే పట్టిక అందులో ఉంటుంది. పది రాకలు, మూడు పోకలు కలిపి పదమూడు పట్టికలతో పని తీరుతుంది.

పట్టికతో పాటు ప్రతి ఫాంటు ఫైలూ కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఈ గుర్తు హల్లుకు ముందే వస్తుందా? ఒకే గుర్తు రెండు పనులు చేస్తుందా? ఒక అక్షరానికి గరిష్ఠంగా ఎన్ని గుర్తులు పడతాయి? ర వత్తు లాంటివి కొన్ని ఫాంట్లలో హల్లు కంటే ముందే టైపవుతాయి కాబట్టి ఈ ప్రశ్నలు అవసరం. ఫాంటు తిప్పలన్నీ ఫాంటు ఫైలులోనే ఉండిపోతాయి. అక్షరాలను గుణింతాలుగా కూర్చే నడిమి భాగానికి ఈనాడు, వార్త అన్న తేడా తెలియదు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ పాత తరహా పొడిగింపులను ఆపేసింది. అయినా ఆ పట్టికల్లోని తెలివి ఫైర్‌ఫాక్స్‌ను నమ్ముకుని లేదు గనక ఇంకోచోట వాడుకోగలిగేదే.

సెట్టింగుల ఫైలు వేరు, పత్రిక ఫాంటు వేరు. రెండు చోట్లా పనివాడు వేసుకున్న ప్రశ్న ఒక్కటే: లోపలి పనికి నిజంగా కావాల్సిందేమిటి, బయటి రాతకు సంబంధించినదేమిటి? ఈ రెండిటి మధ్య గీత సరిగ్గా పడితే మిగతా కోడ్ దానంతట అదే తేలికవుతుంది.

దీని ఖర్చు

ఇంత మంచి పనికీ మూల్యం ఉంది. చదవడం వేరు, అమర్చడం వేరు అయ్యాక, తప్పు దొరికినప్పుడు అది ఫైలులో ఏ పంక్తిలో ఉందో డిక్ట్‌కాన్ఫిగ్ చెప్పలేదు. ‘ఫలానా హ్యాండ్లర్‌ని అమర్చలేకపోయాను’ అని పేరు మాత్రం చెబుతుంది, లోపలి కారణాన్నీ జతచేస్తుంది. పంక్తి సంఖ్య గుమ్మం బయటే ఉండిపోయింది. అలాగే పైవరసలో ‘హ్యాండ్లర్స్’ అని రాయాల్సిన చోట చివరి అక్షరం మర్చిపోయి ‘హ్యాండ్లర్’ అని రాస్తే అది తెలియని పేరు కింద లెక్కకు రాకుండా పోతుంది. ఇంకోటి: పేరు చూసి వస్తువులు తెచ్చుకునే శక్తి దీనికి ఉంది గనక, నమ్మకం లేని చోటు నుంచి వచ్చిన డిక్షనరీని దీనికి ఇవ్వకూడదు. ఇవాల్ పోయినంత మాత్రాన జాగ్రత్త అవసరం పోలేదు.

అయినా ఈ ఖర్చు పెట్టదగినదే. ఎందుకంటే వచ్చిన లాభం కాలంతో పాటు పెరుగుతోంది. టామల్ పద్ధతిని టామ్ ప్రెస్టన్-వెర్నర్ బయటపెట్టింది 2013లో. దాన్ని చదివే పనిముట్టు పైథాన్‌తో పాటు రావడం మొదలైంది 2022 అక్టోబరులో విడుదలైన 3.11తో. ఆ రోజున లాగింగ్ సెట్టింగులను టామల్‌లో రాసుకోవడానికి లాగింగ్ లైబ్రరీలో ఒక్క పంక్తి కూడా మార్చాల్సిన పని పడలేదు. ఫైలు తెరవడం, చదవడం, వచ్చిన డిక్షనరీని డిక్ట్‌కాన్ఫిగ్ చేతిలో పెట్టడం, అంతే. తను పుట్టిన మూడేళ్లకు గానీ లోకంలోకి రాని పద్ధతికి కూడా సిద్ధంగా ఉన్న కోడ్ అది. సాజిప్ భవిష్యత్తును ఊహించి ఇలా రాయలేదు. ఊహించాల్సిన అవసరం లేని చోట గీత గీశాడు.

వడ్లమూడిలో, బాపట్లలో, చీరాలలో, ఒంగోలులో ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలు కాలేజీ ప్రాజెక్టు కోసం ఇలాంటి ప్రోగ్రామ్‌లే రాస్తుంటారు. వాళ్లకు లాగింగ్ లైబ్రరీలోని ఆ కాన్ఫిగ్ ఫైలు మంచి పాఠ్యపుస్తకం. పాత పనినీ కొత్త పనినీ పక్కపక్కన తెరిచి చదవండి. తర్వాత మీ ప్రాజెక్టులో ఒక పరీక్ష చేయండి. మీరు సెట్టింగులకు వాడిన పద్ధతి పేరు, జేసన్ కానివ్వండి యామల్ కానివ్వండి, మీ కోడ్ మొత్తంలో వెతకండి. అది ఒక్క ఫైలులోనే దొరికితే గీత సరైన చోట పడినట్టు. ఉష్ణోగ్రత చూసే భాగంలోనూ, కబురు పంపే భాగంలోనూ కూడా దొరికితే అక్కణ్ణుంచి తీసేసి, ఆ భాగాలకు కావాల్సిన అంకెనూ పేరునూ మాత్రమే చేతికివ్వండి. ఒక పూట పని. రేపు ఆ కోడ్‌ని కోల్డ్ స్టోరేజీ నుంచి జిన్నింగ్ మిల్లుకు తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు ఆ పూట విలువ తెలుస్తుంది.